పౌరులం ఎలా అయ్యాం? పౌరులుగా ఏం చేయాలి?



రోజూ ఉదయం బడిలో ప్రార్థన వేళ కుడి చెయ్యి ముందుకు చాచి మనమంతా ప్రతిజ్ఞ చేస్తాం. అది దేశమంతటా పాఠ్యపుస్తకాల మొదటి పేజీల్లో ఉంటుంది. దాన్ని రాసింది మన తెలుగువాడేనని చాలామందికి తెలియదు. నల్లగొండ జిల్లాకు చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు విశాఖపట్నంలో ట్రెజరీ అధికారిగా పనిచేస్తూ 1962లో ఆ ప్రతిజ్ఞను తెలుగులో రాశారు. అప్పటి నుంచి కోట్లాది పిల్లలు దాన్ని పలికారు. మేమూ ఈ హాస్టల్లో ఉన్న ఆరేళ్లూ పలికాం. కానీ ఆ మాటల అర్థం గురించి ఒక్కనాడూ ఆలోచించలేదు.

పోయిన సెలవుల్లో హాస్టలుకు వచ్చినప్పుడు స్టడీ అవర్‌లో ఎనిమిదో తరగతి తమ్ముడొకడు, "అన్నా, ఆధార్ కార్డు ఉంటే భారతీయుడే కదా?" అని అడిగాడు. కాదని చెప్పాం. "అయితే మరి దేనివల్ల భారతీయులం?" అన్నాడు. పీజీ చదువుతున్నా గబుక్కున జవాబు చెప్పలేకపోయాం. ఆ రాత్రి సిగ్గేసింది. తర్వాత పుస్తకాలు తిరగేసి తెలుసుకున్న విషయాలనే ఇక్కడ రాస్తున్నాం. పోటీ పరీక్షలకు పనికొస్తుంది. అంతకంటే ముందు మన బతుకులకు పనికొస్తుంది.

పౌరుడు అంటే ఎవరు?

ఒక దేశంలో నివసించే వాళ్లంతా ఆ దేశ పౌరులు కారు. చదువు కోసమో, ఉద్యోగం కోసమో వచ్చి ఉండే విదేశీయులు కూడా ఉంటారు. దేశంతో చట్టబద్ధమైన, శాశ్వతమైన సంబంధం ఉన్నవాడే పౌరుడు. ఆ సంబంధం వల్ల అతనికి కొన్ని హక్కులు వస్తాయి, కొన్ని బాధ్యతలూ వస్తాయి. ఈ రెండూ కలిస్తేనే పౌరసత్వం.

1947కు ముందు మన తాతలు బ్రిటిషు రాజుకు ప్రజలు. నైజాం ఇలాకాలో ఉన్నవాళ్లు నిజాం ప్రభువుకు ప్రజలు. ప్రజలకు ఆజ్ఞ పాటించడమే తెలుసు, పాలకుడిని ఎన్నుకోవడం తెలియదు. బ్రిటిషు కాలంలో ఓటు ఉండేది గాని అది ఆస్తి ఉన్నవాళ్లకు, పన్ను కట్టేవాళ్లకు, చదువుకున్నవాళ్లకు మాత్రమే. కూలి చేసుకునే మన తాతలకు ఆ మూడింటిలో ఒక్కటీ లేదు. రాజ్యాంగం 326వ అధికరణం కులం, ఆస్తి, చదువు చూడకుండా వయోజనులందరికీ ఓటిచ్చింది. అప్పుడు వయస్సు 21 ఏళ్లు. 61వ సవరణ వల్ల 1989 నుంచి 18 ఏళ్లయింది. ప్రజలు పౌరులుగా మారడమంటే ఇదే. మన తాతకు భూమి రాలేదు, ఇల్లు రాలేదు. కానీ ఊరి మునసబుకు ఎన్ని ఓట్లో మన తాతకూ అన్నే ఓట్లు వచ్చాయి.

రాజ్యాంగంలో పౌరసత్వం

రాజ్యాంగం రెండో భాగంలో 5 నుంచి 11 వరకు ఉన్న అధికరణాలు పౌరసత్వం గురించి చెబుతాయి. ఇక్కడ ఒక ముఖ్య విషయం గుర్తుంచుకోవాలి. రాజ్యాంగం 1950 జనవరి 26న అమల్లోకి వచ్చిందని మనం చదువుకుంటాం. కానీ 5 నుంచి 9 వరకు ఉన్న అధికరణాలు రెండు నెలల ముందే, అంటే రాజ్యాంగం ఆమోదం పొందిన 1949 నవంబరు 26నే అమల్లోకి వచ్చాయి. గణతంత్రం మొదలయ్యేనాటికి దాని పౌరులెవరో తేలి ఉండాలి గదా!

5వ అధికరణం ప్రకారం భారత భూభాగంలో స్థిరనివాసం ఉండి, ఇక్కడ పుట్టినవారు, లేదా తల్లిదండ్రుల్లో ఒకరు ఇక్కడ పుట్టినవారు, లేదా అంతకుముందు కనీసం ఐదేళ్లుగా ఇక్కడ నివసిస్తున్నవారు పౌరులయ్యారు. 6వ అధికరణం దేశ విభజన వేళ పాకిస్థాన్ నుంచి వచ్చినవారి గురించి, 7వది ఇక్కడి నుంచి పాకిస్థాన్ వెళ్లినవారి గురించి, 8వది విదేశాల్లో ఉన్న భారత సంతతి వారి గురించి చెబుతాయి. తనంత తానుగా వేరే దేశ పౌరసత్వం తీసుకున్నవారు భారత పౌరులు కారని 9వ అధికరణం అంటుంది. ఆ తర్వాతి కాలానికి చట్టం చేసే అధికారాన్ని 11వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. ఆ అధికారంతో వచ్చిందే 1955 పౌరసత్వ చట్టం.

మన దేశంలో ఏక పౌరసత్వమే ఉంది. ఆంధ్ర పౌరుడు, తెలంగాణ పౌరుడు అంటూ ఎవరూ లేరు. 2014 జూన్ 2న రాష్ట్రం రెండుగా విడిపోయినప్పుడు ఎవరి పౌరసత్వమూ మారలేదు. ఉద్యోగాల్లో, సీట్లలో మనం వినే లోకల్, నాన్ లోకల్ అనేది 371-డి అధికరణం కింద వచ్చిన స్థానికత మాత్రమే. దానికి పౌరసత్వంతో సంబంధం లేదు. పరీక్షల్లో ఈ రెండింటినీ కలిపి పొరపాటు పడేవాళ్లు చాలామంది.

పౌరసత్వం పొందే ఐదు మార్గాలు

1955 చట్టం ఐదు మార్గాలు చెప్పింది.

1. జన్మతః వచ్చే పౌరసత్వం: మనలో దాదాపు అందరిదీ ఇదే. అయితే నియమం అందరికీ ఒకటి కాదు. పుట్టిన తేదీని బట్టి మారుతుంది. మా ఇంటినే ఉదాహరణగా తీసుకుని చెబుతాం.

మా నాన్నమ్మ రాజ్యాంగానికి ముందు పుట్టింది. ఆమె 5వ అధికరణం ప్రకారం పౌరురాలు.

మా అమ్మ దివిసీమ ఉప్పెన వచ్చిన మూడేళ్లకు పుట్టిందట. మా అమ్మమ్మ అలాగే లెక్క చెబుతుంది. ఉప్పెన వచ్చింది 1977 నవంబరులో కాబట్టి అమ్మ పుట్టింది 1980 ప్రాంతం. 1950 జనవరి 26 నుంచి 1987 జూలై 1కి ముందు వరకు భారతదేశంలో పుట్టినవారు, తల్లిదండ్రులు ఎవరైనా సరే, పౌరులే. విదేశీ రాయబారుల పిల్లల వంటి కొద్ది మినహాయింపులు మాత్రం ఉన్నాయి.

మేము పుట్టింది 2002లో. 1987 జూలై 1 నుంచి 2004 డిసెంబరు 3కి ముందు పుట్టినవారికి ఇక్కడ పుడితే చాలదు. పుట్టే నాటికి తల్లిదండ్రుల్లో ఒకరైనా భారత పౌరులై ఉండాలి. ఈ మార్పు 1986 సవరణతో వచ్చింది.

ఇప్పుడు హాస్టల్లో ఉన్న తమ్ముళ్లంతా 2004 డిసెంబరు 3 తర్వాత పుట్టినవాళ్లే. మీకు వర్తించేది మూడో నియమం. తల్లిదండ్రులిద్దరూ పౌరులై ఉండాలి. లేదా ఒకరు పౌరులై, రెండోవారు అక్రమ వలసదారు కాకుండా ఉండాలి. ఇది 2003 సవరణ.

చూశారా! ఒకే ఇంట్లో మూడు తరాలకు మూడు నియమాలు, తమ్ముళ్లతో కలిపితే నాలుగు. మొదట నేల చాలు అన్నారు. తర్వాత నేలతోపాటు తల్లో తండ్రో కావాలన్నారు. ఆ తర్వాత ఇద్దరి సంగతీ చూస్తామన్నారు. ఈశాన్య రాష్ట్రాల్లో, ముఖ్యంగా అస్సాంలో, వలసల మీద జరిగిన ఆందోళనలే ఈ మార్పులకు ప్రధాన కారణం. దీనివల్ల మనకు తెలియవలసింది ఒక్కటే. ఇవాళ పిల్లవాడి పౌరసత్వం తల్లిదండ్రుల పౌరసత్వం మీద ఆధారపడి ఉంది. అందుకే మన కాగితాలే కాదు, అమ్మానాన్నల కాగితాలు కూడా ముఖ్యమే.

2. వారసత్వం వల్ల: విదేశంలో పుట్టిన పిల్లలకు ఇది వర్తిస్తుంది. 1992 డిసెంబరు 10కి ముందు పుట్టినవారికి తండ్రి భారత పౌరుడైతేనే పౌరసత్వం వచ్చేది. తల్లిని లెక్కలోకి తీసుకునేవారు కాదు. ఆ తేదీ నుంచి తల్లిదండ్రుల్లో ఎవరైనా సరే. 2004 డిసెంబరు 3 తర్వాత పుట్టినవారైతే ఏడాదిలోగా అక్కడి భారత దౌత్య కార్యాలయంలో నమోదు చేయించాలి. గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్లు ఇది తెలుసుకోవాలి.

3. నమోదు వల్ల: భారత సంతతికి చెంది ఇక్కడ ఏడేళ్లు నివసించినవారు, భారత పౌరులను పెళ్లి చేసుకుని ఏడేళ్లు ఇక్కడ ఉన్నవారు మొదలైనవారు దరఖాస్తు చేసుకోవచ్చు. అక్రమ వలసదారులకు ఈ అవకాశం లేదు.

4. సహజీకరణ వల్ల: విదేశీయులు పన్నెండేళ్ల నివాసం తర్వాత దరఖాస్తు చేసుకోవచ్చు. దరఖాస్తుకు ముందు పన్నెండు నెలలు వరుసగా ఉండాలి. దానికి ముందు పద్నాలుగేళ్లలో మొత్తం పదకొండేళ్లు ఉండాలి. మంచి నడవడి ఉండాలి. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏదో ఒక భాష బాగా తెలిసి ఉండాలి. ఆ భాషల్లో తెలుగు కూడా ఉంది. అంటే మన భాష నేర్చుకున్న పరాయి దేశస్థుడు ఆ భాషతోనే మన దేశ పౌరుడు కావచ్చు.

2019 సవరణ చట్టం ఇందులో పెద్ద మార్పు తెచ్చింది. పాకిస్థాన్, బంగ్లాదేశ్, అఫ్ఘానిస్థాన్‌ల నుంచి 2014 డిసెంబరు 31లోగా వచ్చిన హిందూ, సిక్కు, బౌద్ధ, జైన, పార్సీ, క్రైస్తవ మతాల వారిని అక్రమ వలసదారులుగా చూడకూడదని, వారికి ఐదేళ్ల నివాసం చాలని చెప్పింది. ముస్లింలను ఇందులో చేర్చలేదు. పౌరసత్వానికి మతాన్ని ప్రాతిపదిక చేయడం 14వ అధికరణంలోని సమానత్వానికి విరుద్ధమని కొందరు, పొరుగు దేశాల్లో బాధలు పడిన మైనారిటీలను ఆదుకోవడం న్యాయమని మరికొందరు వాదించారు. దేశమంతటా ఆందోళనలు జరిగాయి. నిబంధనలు 2024 మార్చిలో వచ్చాయి.

5. భూభాగం చేరడం వల్ల: కొత్త ప్రాంతం దేశంలో కలిస్తే అక్కడి వారిలో ఎవరు పౌరులో ప్రభుత్వం ప్రకటిస్తుంది. దీనికి ఉదాహరణ మన పక్కనే ఉంది. గోదావరి ఒడ్డున ఉన్న యానాం ఫ్రెంచివారి పాలనలో ఉండేది. 1954లో పాలన చేతులు మారినా, చట్టప్రకారం విలీనం జరిగింది 1962 ఆగస్టు 16న. ఆ ఏడాదే వచ్చిన పుదుచ్చేరి పౌరసత్వ ఉత్తర్వుతో యానాం ప్రజలు భారత పౌరులయ్యారు. ఫ్రెంచి పౌరసత్వమే కావాలనుకున్నవారు ఆరు నెలల్లో రాసివ్వవచ్చన్నారు. గోవా, సిక్కిం ప్రజలు కూడా ఇలాగే పౌరులయ్యారు. 2015 జూలై 31 అర్ధరాత్రి బంగ్లాదేశ్‌తో సరిహద్దు గ్రామాల మార్పిడి జరిగినప్పుడు అక్కడి సుమారు 14 వేల మందికి మన పౌరసత్వం వచ్చింది. దశాబ్దాలపాటు ఏ ప్రభుత్వమూ పట్టించుకోకుండా వదిలేసిన మనుషులు వాళ్లు. బడి లేదు, ఆసుపత్రి లేదు, ఓటు లేదు. పౌరసత్వం లేకపోతే ఏమవుతుందో వాళ్లను అడిగితే చెబుతారు.

పౌరసత్వం పోవడం

పౌరసత్వం మూడు రకాలుగా పోతుంది. తనకు తాను వదులుకోవడం ఒకటి. వేరే దేశ పౌరసత్వం తీసుకోగానే దానంతటదే రద్దు కావడం రెండోది. మోసంతో పొందడం, రాజ్యాంగానికి విధేయత చూపకపోవడం వంటి కారణాలతో ప్రభుత్వం తొలగించడం మూడోది. ఈ మూడోది నమోదు, సహజీకరణ వంటి మార్గాల్లో పొందినవారికే గాని, జన్మతః పౌరులకు వర్తించదు.

మన దేశంలో ద్వంద్వ పౌరసత్వం లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్న మన తెలుగువారి దగ్గర ఉండే ఓసీఐ కార్డు జీవితకాలపు వీసా వంటిది. దానితో ఇక్కడ ఓటు వేయలేరు, ఎన్నికల్లో నిలబడలేరు, వ్యవసాయ భూమి కొనలేరు. మన పౌరసత్వం ఉంచుకుని విదేశంలో పనిచేసేవారికి మాత్రం ఓటు నమోదు చేయించుకునే హక్కుంది. వేయడానికి ఇక్కడికి రావాలి. వేములవాడ నుంచి పలుమార్లు ఎన్నికైన ఒక మాజీ శాసనసభ్యుడు జర్మనీ పౌరుడేనని 2024 డిసెంబరులో తెలంగాణ హైకోర్టు తీర్పు చెప్పింది. ఏళ్ల తరబడి సాగిన కేసు అది. ఎంత పెద్ద పదవికైనా పునాది పౌరసత్వమేనని దాన్ని బట్టి తెలుస్తుంది.

కార్డు వేరు, పౌరసత్వం వేరు

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు వద్దాం. ఆధార్ పౌరసత్వానికి రుజువు కాదని 2016 ఆధార్ చట్టంలోనే ఉంది. నిర్ణీత కాలం ఇక్కడ నివసించిన విదేశీయులు కూడా ఆధార్ తీసుకోవచ్చు. రేషన్ కార్డు బియ్యం కోసం, కుల ధ్రువపత్రం రిజర్వేషన్ కోసం. అవి ఉన్నాయి కాబట్టి మనం పౌరులం కాలేదు. ఇక్కడ, మన అమ్మానాన్నలకు పుట్టాం కాబట్టి అయ్యాం. కార్డు మనిషిని చూపిస్తుందే గాని పౌరుడిని చేయదు.

అలాగని కాగితాలను తేలిగ్గా తీసుకోకూడదు. అస్సాంలో 2019 ఆగస్టు 31న ప్రకటించిన జాతీయ పౌర పట్టికలో 19 లక్షల మందికి పైగా పేర్లు లేవు. పేరులో అక్షరం తేడా, తండ్రి పేరు కలవకపోవడం, పాత కాగితం దొరకకపోవడం వంటి కారణాలతో ఎందరో పేదలు అప్పులు చేసి ట్రిబ్యునళ్ల చుట్టూ తిరిగారు.

ఇది మనకు దూరపు సంగతి కాదు. మా పుట్టిన తేదీ టీసీలో జూన్ 1 అని ఉంటుంది. మేము పుట్టింది చలికాలంలో. బడిలో చేర్చిన రోజు అమ్మకు తేదీ తెలియక, రాసేవారికి తీరిక లేక అలా పడింది. మాతోపాటు చదివినవారిలో జూన్ 1న పుట్టినవాళ్లు ఎంతమందో! మా నాన్న పేరు మా పదో తరగతి మెమోలో ఒక రకంగా, ఆధార్‌లో ఒక రకంగా, రేషన్ కార్డులో ఇంకో రకంగా ఉంది. డిగ్రీలో స్కాలర్‌షిప్ దరఖాస్తు దీనివల్లే ఆగిపోయింది. ఒక కార్యాలయానికి నాన్న మూడు నెలలు తిరిగాడు. వెళ్లిన ప్రతిరోజూ కూలి పోయింది. చివరికి సరిచేశారు గాని, ఆ మూడు నెలల్లో ఒకరోజు ఆయన, "నా పేరు నాకే తెలియదంటున్నార్రా" అన్న మాట మేము మరచిపోలేం.

1951-52లో మొదటి సాధారణ ఎన్నికల వేళ ఇంతకంటే పెద్ద సంగతి జరిగింది. చాలామంది స్త్రీలు తమ పేరు చెప్పకుండా ఫలానావారి భార్య, ఫలానావారి కూతురు అని రాయించుకున్నారు. ఎన్నికల ప్రధానాధికారి సుకుమార్ సేన్ సొంత పేరు ఉండాల్సిందేనన్నారు. పేరు ఇవ్వని సుమారు 28 లక్షల మంది స్త్రీల వివరాలు జాబితా నుంచి తొలగిపోయాయి. పేరు చెప్పుకోగలగడం పౌరసత్వంలో మొదటి మెట్టు అని అప్పుడే తేలింది. 1917లో భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన బెజవాడలో జరిగిన సభ పంచములు అన్న పేరు వద్దు, మేము ఆది ఆంధ్రులం అని ప్రకటించింది కూడా ఇందుకే. మన పేరు మనం పెట్టుకోవాలి, దాన్ని సరిగ్గా రాయించుకోవాలి.

జనన నమోదు 1969 చట్టం కింద జరుగుతుంది. బిడ్డ పుట్టిన 21 రోజుల్లో చేయిస్తే ఖర్చు లేదు. ఏడాది దాటితే ఆర్డీవో స్థాయి అధికారి ఉత్తర్వు కావాలి. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి బడిలో చేరడానికి, ఓటరు జాబితాకు, ఇంకా చాలా పనులకు జనన ధ్రువపత్రమే ఆధారం. మన అక్కల పిల్లలకు, వాడలో పుట్టే బిడ్డలకు ఈ ఒక్క పని సకాలంలో చేయిస్తే చాలు, వాళ్లకు జూన్ 1 పుట్టినరోజు రాదు.

పౌరులకే ఉన్న హక్కులు

చట్టం ముందు సమానత్వం, ప్రాణరక్షణ వంటి హక్కులు మన దేశంలో ఉన్న విదేశీయులకూ ఉంటాయి. కానీ 15, 16, 19, 29, 30 అధికరణాల్లోని హక్కులు పౌరులకు మాత్రమే. వివక్ష లేకుండా బావులు, చెరువులు, దుకాణాలు వాడుకునే హక్కు, ప్రభుత్వ ఉద్యోగాల్లో సమాన అవకాశం, మాట్లాడే స్వేచ్ఛ ఇందులోవే. ఓటు వేయడం, సర్పంచి నుంచి రాష్ట్రపతి వరకు ఏ పదవికైనా పోటీ చేయడం కూడా పౌరులకే. అమెరికాలో పుట్టుకతో పౌరులైనవారే అధ్యక్షులు కాగలరు. మన దేశంలో ఆ షరతు లేదు.

కాగితం మీది హక్కు చేతికి రావడం మాత్రం అంత తేలిక కాదు. 1927 మార్చి 20న మహద్ చెరువులో నీళ్లు తాగి డాక్టర్ అంబేద్కర్ చాటింది ఈ పౌరహక్కునే. అప్పటికి రాజ్యాంగం లేదు. 1985 నాటికి రాజ్యాంగం వచ్చి 35 ఏళ్లు. అయినా ఆ ఏడాది జూలైలో ప్రకాశం జిల్లా కారంచేడులో తాగునీటి చెరువు దగ్గర మొదలైన గొడవ ఆరుగురు దళితుల హత్యకు దారితీసింది. ఆ తర్వాత సాగిన దళిత ఉద్యమాల ఫలితంగానూ 1989 అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. రాజకీయంగా సమానత్వం వచ్చినా సాంఘికంగా, ఆర్థికంగా అసమానత్వం మిగిలే ఉందని అంబేద్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించారు. పౌరసత్వం ఒక్కరోజులో పూర్తయ్యేది కాదని మనకు అర్థం కావాలి.

పదకొండు విధులు

మొదటి రాజ్యాంగంలో విధుల జాబితా లేదు. అత్యవసర పరిస్థితి కాలంలో స్వరణ్ సింగ్ కమిటీ సిఫార్సు మీద 1976లో 42వ సవరణతో 51-ఎ అధికరణం చేరింది. అప్పుడు పది విధులు. 86వ సవరణతో పదకొండోది వచ్చింది. వాటిని మన మాటల్లో చెప్పుకుందాం.

1. రాజ్యాంగాన్ని పాటించాలి. దాని ఆదర్శాలను, జాతీయ పతాకాన్ని, జాతీయ గీతాన్ని గౌరవించాలి.
2. స్వాతంత్ర్యోద్యమ ఆశయాలను అనుసరించాలి.
3. దేశ సమైక్యతను, సమగ్రతను కాపాడాలి.
4. పిలుపు వచ్చినప్పుడు దేశ రక్షణకు, సేవకు ముందుకు రావాలి.
5. మతం, భాష, ప్రాంతం దాటి సోదరభావం పెంచాలి. స్త్రీల గౌరవానికి భంగం కలిగించే ఆచారాలు మానాలి.
6. మన మిశ్రమ సంస్కృతిని కాపాడాలి.
7. అడవులు, చెరువులు, నదులు, వన్యప్రాణులను సంరక్షించాలి. జీవుల పట్ల దయ చూపాలి.
8. శాస్త్రీయ దృక్పథం, మానవతావాదం, ప్రశ్నించి తెలుసుకునే గుణం, సంస్కరణ భావం పెంచుకోవాలి.
9. ప్రజల ఆస్తిని కాపాడాలి, హింసను విడనాడాలి.
10. అన్ని రంగాల్లో ఉన్నత స్థాయికి కృషి చేయాలి.
11. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు తల్లిదండ్రులు చదువు చెప్పించాలి.

ఈ విధుల గురించి కొన్ని అపోహలున్నాయి. విధి చేయకపోతే హక్కు పోతుందని కొందరంటారు. అది తప్పు. ప్రాథమిక హక్కులు విధుల మీద ఆధారపడినవి కావు. విధులను నేరుగా కోర్టు ద్వారా అమలు చేయించడం కుదరదు. వాటికోసం ప్రత్యేక చట్టం ఉంటే ఆ చట్టం ప్రకారమే చర్య ఉంటుంది. ఉదాహరణకు పతాకాన్ని అవమానిస్తే 1971 చట్టం, అడవి జంతువును చంపితే 1972 చట్టం ఉన్నాయి. కేరళలో ముగ్గురు పిల్లలు తమ మత విశ్వాసం వల్ల జాతీయ గీతం పాడలేదని బడి నుంచి తీసేశారు. వాళ్లు గౌరవంగా లేచి నిలబడ్డారు కాబట్టి అవమానించినట్టు కాదని 1986లో సుప్రీంకోర్టు వాళ్లను తిరిగి చేర్చుకోమంది.

ఇంకొక అపోహ, విధులు పేదవాళ్లకే చెప్పేవి అని. ఐదో విధిలో సోదరభావం ఉంది. మన వాడ దగ్గర రెండో గ్లాసు పెట్టే టీకొట్టువాడు ఆ విధిని మీరుతున్నాడు. ఎనిమిదో విధి ప్రశ్నించమంటుంది. కాబట్టి మెస్‌లో అన్నం సరిగా లేదని మర్యాదగా అడిగిన విద్యార్థి తప్పు చేయడం లేదు, విధి నిర్వర్తిస్తున్నాడు. ఆ విద్యార్థే కోపంలో హాస్టల్ కుళాయి విరగ్గొడితే తొమ్మిదో విధి తప్పుతాడు. తెల్లారి నీళ్లు లేక ఇబ్బంది పడేది మనమే.

పదకొండో విధి దగ్గర మేము కాస్త ఆగుతాం. ఈ సవరణ ఆమోదం పొందింది 2002లో, మేము పుట్టిన ఏడాది. అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న, అప్పుడు మేము రెండో తరగతి. మా అమ్మకు 51-ఎ తెలియదు, వేలిముద్ర వేస్తుంది. మిరపకాయల కోతకు మమ్మల్నీ తీసుకుపొమ్మని మేస్త్రీ అడిగితే, "వాడు బడికి పోవాలి" అని ఒక్కతే వెళ్లింది. ఆ సీజనులో మా కూలి డబ్బులు ఇంటికి రాలేదు. ఐదో తరగతిలో ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని ఈ హాస్టల్ గేటు దాకా నడిచి వచ్చింది. మా ఇంట్లో డిగ్రీ అన్నది మాతోనే మొదలైంది. రాజ్యాంగం చదవకుండానే రాజ్యాంగ విధి నిర్వర్తించిన ఇలాంటి తల్లులే మనందరి ఇళ్లలో ఉన్నారు. వాళ్లను మించిన మంచి పౌరులు ఎవరు?

మనం ఏం చేయాలి?

సహజీకరణ ద్వారా పౌరుడయ్యే విదేశీయుడు రాజ్యాంగానికి విధేయుడినై ఉంటానని, చట్టాలను పాటిస్తానని, పౌరుడిగా విధులు నిర్వర్తిస్తానని ప్రమాణం చేయాలి. జన్మతః పౌరులైన మనల్ని ఎవరూ ఆ ప్రమాణం అడగలేదు. బడిలో రోజూ చేసే ప్రతిజ్ఞే మన ప్రమాణం అనుకోవాలి. అందుకే దాన్ని అప్పజెప్పినట్టు కాకుండా అర్థం చేసుకుని పలకాలి.

తమ్ముళ్లు, అన్నలు ఈ ఏడాది చేయగలిగిన పనులు కొన్ని చెప్పి ముగిస్తాం.

ఒకటి, ప్రతి ఒక్కరూ సెలవుల్లో ఇంటికి వెళ్లినప్పుడు అమ్మ, నాన్న, తమ కాగితాల్లో పేర్లు, తేదీలు ఒక నోటుపుస్తకంలో రాసి సరిచూడాలి. తేడా ఉంటే పదో తరగతి పరీక్ష ఫీజు కట్టకముందే దిద్దించుకోవాలి. తర్వాత చాలా కష్టం.

రెండు, 17 నిండినవారు ఓటు కోసం ముందుగానే ఫారం 6 ఇవ్వవచ్చు. పేరులో తప్పుంటే ఫారం 8. ఇవి రెండూ ఉచితం. ఎవరికీ డబ్బులివ్వనక్కరలేదు. ఓటు వచ్చాక దాన్ని నోటుకు, సీసాకు అమ్మకూడదు. 28 లక్షల మంది తల్లులకు అందకుండా పోయిన ఓటు అది.

మూడు, 2005 సమాచార హక్కు చట్టం పౌరులందరిదీ. హాస్టల్‌కు ఎంత బడ్జెట్ వచ్చిందో, ఊరి రోడ్డుకు ఎంత ఖర్చయిందో తెల్లకాగితం మీద రాసి అడగవచ్చు. అడగడం నేర్చుకోవాలి.

నాలుగు, ఇది పూర్వ విద్యార్థులకు. ఏడాదికొకసారి వార్షికోత్సవం మరుసటి రోజు ఆగి, పిల్లల, తల్లిదండ్రుల దరఖాస్తులు నింపిపెట్టే పని పెట్టుకుందాం. ఉద్యోగాలు చేస్తున్న అన్నలకు ఫారాలు, ఆఫీసులు తెలుసు. మా నాన్న తిరిగిన మూడు నెలలు ఇంకొకరి నాన్న తిరగకుండా చేయగలిగితే అంతకంటే వేరే దేశసేవ అక్కరలేదు. మొదటి ఏడాది ఆ బల్ల దగ్గర కూర్చోవడానికి మేము సిద్ధం.

ఎనిమిదో తరగతి తమ్ముడూ, నీ ప్రశ్నకు ఇదీ మా జవాబు. నువ్వు భారతీయుడివి కావడానికి కార్డు కారణం కాదు. ఈ నేల, మీ అమ్మానాన్నలు, మన రాజ్యాంగం కారణం. ఎలాంటి పౌరుడివి అవుతావన్నది మాత్రం నీ చేతుల్లో ఉంది. వచ్చే ఏడాది ఇంకో ప్రశ్నతో సిద్ధంగా ఉండు.

జై భీమ్! జై హింద్!